కంచె మీద నాలుగు పలకల తీగ

కాడని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని మెల్లగా తిప్పి చూడండి. ఒక పలక, ఒక అంచు. ఇంకో పలక, ఇంకో అంచు. నాలుగు దాటేసరికి మళ్లీ మొదటికే వస్తారు. తీగ అన్నాక గుండ్రంగా ఉంటుందని మల్లెని చూసి, బచ్చలిని చూసి, తమలపాకు తీగని చూసి ఖాయం చేసేసుకున్న మనిషిని నేను. అలాంటివాడి చేతికి నాలుగు పలకల తీగ ఒకటి తగిలేసరికి ఆగలేకపోతున్నాను. కనబడ్డ ప్రతివాళ్లకీ ఇదే చెబుతున్నాను. ఆఫీసులో వినేవాళ్లు అయిపోయారు కనక ఇప్పుడు మీకు రాస్తున్నాను.

దాని పేరు నల్లేరు.

నల్లేరు తెలియనివాళ్లెవరండీ, నల్లేరు మీద బండి నడక అని సామెత ఉంది కదా అంటారేమో. సామెత నాకూ వచ్చు. బళ్లో సొంత వాక్యం రాశాను, సభల్లో విన్నాను, ఎన్నికలు వచ్చినప్పుడల్లా పేపర్లో చదువుతూనే ఉన్నాను. మొక్క మాత్రం తెలియదు. బస్సు కిటికీలోంచి చూసే ఉంటాను, కంచెల మీద పచ్చగా వేలాడుతుంటే. అదీ ఇదీ ఒకటేనని ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. మనలో సామెత వాడేవాళ్లలో ఎంతమంది ఆ తీగని చేత్తో పట్టుకున్నారో ఒకసారి లెక్క తీస్తే సరదాగా ఉంటుంది.

మార్కాపురం అవతల, మా ఆవిడ వాళ్ల పెద్దమ్మగారి దొడ్డికి ఇప్పటికీ కంపకంచే. తుమ్మకొమ్మలు మనుషులు పాతారు. మిగతాదంతా దానంతటదే వచ్చింది: ఉత్తరేణి, దొండ, గురివింద, దుష్టపుతీగ, ఒక మూల వేపచెట్టు మీదికి ఎగబాకిన తిప్పతీగ. మేం వెళ్లింది నడి వేసవిలో. కంచెలో సగం పైగా ఎండి చితుకులైపోయింది. ఆ ఎండుకంప మీద ఇదొక్కటి మాత్రం లావుపాటి కాడలతో, ఆకన్నది పెద్దగా లేకుండా, నిగనిగలాడుతూ వేలాడుతోంది. వేసవిలో ఇంత పచ్చదనం ఎక్కణ్నుంచి వచ్చిందా అని ఒక కాడ విరవబోయాను.

"అల్లుడుగారూ, ఉత్తచేత్తో ముట్టుకోబాకండి. దురద పుట్టిద్ది."

"ఏంటి అత్తయ్యగారూ ఇది?"

"నల్లేరండీ. పచ్చడి చేస్తాంగా."

"నల్లేరంటే... బండి నడక నల్లేరా?"

"బండి సంగతి నాకు తెలవదు. నడుం నొప్పికి మాత్రం మంచిది."

పేరు తెలిసింది కనక అక్కడితో వదిలేయొచ్చు. కానీ పేరు ఒకరు చెబితే తెలిసేదొకటి, మొక్కే ఒక్కొక్క గుర్తూ చూపించి నేనే ఫలానా అని ఒప్పించడం మరొకటి. ఈ రెండోదానిలో ఉన్న మజా నాకు ఈ వయసులో దొరికింది. చేతికి కాస్త నువ్వులనూనె రాసుకుని, కంచె పక్కన గొంతుకూర్చుని మొదలుపెట్టాను.

మొదటి గుర్తు పలకలు. నాలుగు పలకల కాడ నల్లేరు ఒక్కదాని సొత్తేమీ కాదు. తులసి కాడ తిప్పి చూడండి, పుదీనా కాడ చూడండి, అవీ నాలుగు పలకలే. ఇన్నేళ్లు తీర్థంలో తులసి వేసుకుని తాగుతూ కాడ వైపు చూసినవాణ్ని కాదు. అయితే నల్లేరు పలకలు వేరు. ప్రతి అంచూ పలుచని రెక్కలా బయటికి పొడుచుకొస్తుంది, ఆ అంచు వెంబడి తోలులాంటి గట్టి పట్టీ ఉంటుంది. పలక మధ్యభాగం లోపలికి నొక్కుకుని ఉంటుంది. వేలి మందాన ఉన్న కాడని అడ్డంగా కోస్తే నాలుగు మూలల నక్షత్రం కనబడుతుంది.

రెండోది కణుపులు. కణుపు దగ్గర కాడ ఒక్కసారిగా నడుం బిగించినట్టు సన్నబడిపోతుంది, మళ్లీ లావెక్కుతుంది. బెత్తెడుకి కాస్త అటూ ఇటూ పొడవున్న ముక్కలు ఒకదాని వెనక ఒకటి రైలుపెట్టెల్లా తగిలించి ఉంటాయి. కణుపు దగ్గర విరిస్తే టప్పున ఊడొస్తుంది, మధ్యలో విరిస్తే పీచు వదలదు. పాతకాలం వైద్యులు ఈ కణుపులు చూసే దీన్ని ఎముకలకు ముడిపెట్టి ఉంటారని నా అనుమానం. కీళ్లు కీళ్లుగా ఉన్నది కీళ్లకి పనికొస్తుందన్న ఆలోచన లోకంలో చాలాచోట్ల ఉంది. ఆ ఆలోచన తప్పయినా, నల్లేరు విషయంలో మాత్రం గురి పూర్తిగా తప్పలేదు. ఆ కథ కాసేపట్లో.

మూడోది నన్ను కూలబడేసింది. లేత కొస దగ్గర ఒక్కొక్క కణుపుకి ఒకవైపు ఆకు ఉంది, చిన్నది, గుండె ఆకారంలో, అంచులు రంపపు పళ్లతో. సరిగ్గా దానికి ఎదురుగా, అదే కణుపులో రెండో వైపు, ఒక నులితీగ. ఆకుకి ఎదురుగా నులితీగ. దొండకి, కాకరకి నులితీగలు ఆకు మొదట్లో పక్కనుంచి వస్తాయి. ఇలా సూటిగా ఎదురుగా రావడం ద్రాక్ష వంశం లక్షణం. అవును, ద్రాక్ష. మన ముళ్లకంచె మీది నల్లేరు, అనంతపురం పందిళ్ల కింద వేలాడే ద్రాక్ష దాయాదులు. రెండూ వైటేసీ కుటుంబంలోవే. ఎవరైనా ఉత్తినే చెబితే నేను నమ్మేవాణ్ని కాదు. కళ్లెదురుగా నులితీగ సాక్ష్యం చెబుతోంది.

దీనికి సిస్సస్ క్వాడ్రాంగ్యులారిస్ అని పేరు పెట్టింది లినేయస్, 1767లో. స్వీడన్ చలిలో కూర్చున్న ఆ మహానుభావుడు కూడా పేరులో నాలుగు పలకలే పెట్టాడు. ఎక్కడివాడికైనా ముందు కంటికి ఆనేది అదే మరి. ఈ తీగ మన దేశానికే పరిమితం కాదు. శ్రీలంకలో ఉంది, అరేబియాలో ఉంది, ఆఫ్రికాలో పొడినేలలు ఎక్కడుంటే అక్కడ ఉంది.

పొరపాటు పడేందుకు అవకాశం ఉన్న మొక్కలు రెండున్నాయి, వాటి సంగతి చెప్పకపోతే ప్రమాదం. ఒకటి బొంతజెముడు. అదీ కంచెల్లోనే పెరుగుతుంది, దానికీ పలకలున్నాయి. కానీ ఎక్కువగా మూడు పలకలు, అంచుల మీద ముళ్లు, అన్నిటికన్నా ముఖ్యంగా గిల్లితే తెల్లటి పాలు. ఆ పాలు కంట్లో పడితే ఆసుపత్రికి పరుగెత్తాల్సిందే. నల్లేరు విరిస్తే జిగురుగా నీరు వస్తుంది, పాలు రావు. పాలు కారిందా, అది నల్లేరు కాదు, చేతులు కడుక్కుని అవతలికి జరగండి. రెండోది కుందేటి కొమ్ములు. దానికి నాలుగు పలకలూ ఉన్నాయి, పాలూ రావు. కానీ అది పాకదు, రాళ్ల మధ్య నిటారుగా నిలబడుతుంది. నులితీగలుండవు. ముదురు ఊదారంగు పూలు పూస్తుంది, ఆ వాసనకి ఈగలు మూగుతాయి, మనుషులు పారిపోతారు. నులితీగ ఉందో లేదో చూసుకుంటే చాలు, ఈ రెండూ తేలిపోతాయి.

నల్లేరు పువ్వుని నేనింకా చూడలేదు. వానలు పడ్డాక పూస్తుందట. చాలా చిన్నది, ఆకుపచ్చకీ ఎరుపుకీ మధ్య రంగు, నాలుగు రేకులు. ద్రాక్షకైతే అయిదు రేకులు, అవి పైన అతుక్కుని టోపీలా ఊడిపోతాయి. సిస్సస్‌ వర్గానికి నాలుగు, విడివిడిగా. కాయ బఠాణీ గింజంత, పండితే ఎర్రగా మారుతుంది, లోపల ఒక్కటే గింజ. ద్రాక్షకి చుట్టం కదా అని నోట్లో వేసుకోకండి, నాలుక మండిపోతుంది.

ఇక ఆ వేసవి పచ్చదనం. దీని గురించి చదివినప్పటి నుంచి నాకు రాత్రిళ్లు కంచె వైపు టార్చి వేయాలనిపిస్తోంది.

మామూలు మొక్కలు పగలు ఆకుల మీది సన్నని రంధ్రాలు తెరిచి గాలి పీల్చుకుంటాయి. వెలుతురూ అప్పుడే ఉంటుంది కనక వంట అక్కడికక్కడే అయిపోతుంది. చిక్కేమిటంటే రంధ్రాలు తెరిస్తే లోపలి నీరు ఆవిరైపోతుంది. మార్కాపురం ఎండలో ఆ ఖర్చు భరించడం కష్టం. నల్లేరు కాడ వేరే దారి పట్టింది. పగలంతా రంధ్రాలు బిగించేసుకుంటుంది. చీకటి పడి చల్లబడ్డాక తెరిచి, కార్బన్ డయాక్సైడుని లోపలికి తీసుకుని, మాలిక్ ఆమ్లంగా మార్చి దాచుకుంటుంది. యాపిల్ పండు పులుపు కూడా ఆ ఆమ్లంవల్లే. తెల్లారి ఎండ రాగానే తలుపులు మూసి, రాత్రి దాచిన సరుకుతో లోపల్లోపల వంట మొదలుపెడుతుంది. సాయంత్రానికి ఆమ్లం ఖర్చయిపోతుంది. అంటే నల్లేరు కాడలో పులుపు తెల్లవారుజామున ఎక్కువ, పొద్దుగూకే వేళకి తక్కువ. ఒకే కాడ, ఒకే రోజు. నాగజెముడూ ఈ పద్ధతిదే, అనాసా ఈ పద్ధతిదే.

ఇక్కడితో ఆగితే నేనింత గోల చేయను. 1983లో అమెరికా శాస్త్రవేత్తలు ముగ్గురు నల్లేరు ఆకునీ కాడనీ విడివిడిగా పరీక్షించి ప్రచురించారు. కాడ రాత్రి పద్ధతి. ఆకు మాత్రం వరిలాగా, వేరుశనగలాగా పగటి పద్ధతి. ఒకే మొక్కలో రెండు రకాల సంసారం! వానల్లో ఆకులు వేసుకుని పగలు పని చేసుకుంటుంది. ఎండలు ముదరగానే ఆకులు రాల్చేసి కాడ మీద బతుకుతుంది. కంచెలో మిగిలినవన్నీ మాడిపోయిన రోజుల్లో ఇది నిగనిగలాడుతున్న మర్మం ఇదీ. మనం దీన్ని మేకలు కూడా పట్టించుకోని పిచ్చితీగ అనుకుంటూ పక్కనుంచి పోతున్నాం.

పచ్చడి దగ్గరికి వద్దాం. ఆ పూటే చేయించుకున్నాను, చేస్తుంటే పక్కనే కూర్చున్నాను.

ముదురు కాడ పనికిరాదు. కొస నుంచి రెండు మూడు కణుపుల వరకే, గోరు గుచ్చితే దిగేంత లేతగా ఉన్నవే కోయాలి. చేతులకి నూనె పట్టించుకుని కూర్చోవాలి. ఒక్కొక్క కాడకీ నాలుగు అంచుల వెంబడి పీచు లాగి పారేయాలి. కణుపులు కోసి అవతల పెట్టాలి. మిగిలినదాన్ని చిన్న ముక్కలు చేసి, నువ్వులనూనెలో వేయించాలి. ఆ వేయించడంలోనే ఉందంతా. ముందు ముక్కలు నీళ్లు వదులుతాయి, కాసేపు ఉడుకుతాయి, ఆ నీరు ఇగిరాక వేగుతాయి, ఆకుపచ్చ కాస్తా గోధుమరంగుకి తిరుగుతుంది. అప్పటిదాకా తొందరపడకూడదు. పక్కన ఎండుమిరపకాయలు, మినప్పప్పు, ధనియాలు, జీలకర్ర వేగుతాయి. చింతపండు మామూలు పచ్చడికన్నా కాస్త ఎక్కువే. వెల్లుల్లి నాలుగు రెబ్బలు. రోట్లో పప్పులూ మిరపకాయలూ ముందు, ముక్కలు చివర. మెత్తగా నూరరు, పలుకు తగలాలి.

"బాగా యేగకపోతే గొంతులో గీరుద్ది. సగం యేపిన నల్లేరు పెట్టి సుట్టాల్ని పంపించబాకండి, మళ్లా రారు" అన్నారు అత్తయ్యగారు.

ఆ గీరుడికి కారణం ఉంది. నల్లేరు కణాల్లో కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలుంటాయి, కంటికి కనబడనంత సన్నటి సూదులు. కంద, చేమ కోసేటప్పుడు చేతులు దురద పెట్టేది కూడా వీటివల్లే. అవి చర్మంలో గుచ్చుకుంటాయి. నూనె రాసుకోవడం, పీచు తీయడం, బాగా వేయించడం, పులుపు దండిగా వేయడం, ఈ జాగ్రత్తలన్నీ ఆ సూదుల కోసం ఏర్పడ్డవే. సూక్ష్మదర్శిని మొహం చూడనివాళ్లు కనిపెట్టిన పద్ధతులు.

రుచి ఎలా ఉందంటే, మొదటి ముద్దకి మామూలు కాడల పచ్చడే. రెండో ముద్దకి వెనకనుంచి ఒక వగరూ, దాని వెంట సన్నటి పులుపూ తెలుస్తాయి. అది చింతపండు పులుపు కాదని తెలుస్తూనే ఉంటుంది. నెయ్యి కన్నా నువ్వులనూనె దీనికి బాగా కుదురుతుంది. గోంగూర, చింతచిగురు, దోసకాయ అంటూ పచ్చళ్ల మీద ఇంత గర్వపడే జాతి దీన్ని ఊళ్లలోనే వదిలేసి పట్నం రావడం నాకు మింగుడుపడటం లేదు. తమిళులు వదల్లేదు. పిరండై అన్న పేరుతో వాళ్లింట్లో తువయల్ నూరుకుంటారు. పిరండై వేసిన అప్పడాలు దుకాణాల్లో ప్యాకెట్లుగా దొరుకుతాయి. చెన్నై నుంచి వచ్చిన సహోద్యోగిని అడిగితే నన్ను వింతగా చూసింది, ఇందులో విశేషమేముంది అన్నట్టు.

అత్తయ్యగారు నల్లేరుకి అప్పగించిన పనులు చాలా ఉన్నాయి. ఆకలి మందగిస్తే పచ్చడి. కడుపు ఉబ్బరానికి ఎండబెట్టి పొడి కొట్టి మజ్జిగలో. నడుం నొప్పికి నెలకి రెండు మూడు మాట్లు పచ్చడి. గొడ్డుకి కాలు బెణికితే దంచి కట్టు. చెవిపోటుకి కాడని వెచ్చజేసి రసం పిండేవాళ్లట వాళ్ల అమ్మగారి కాలంలో. చివరిది మాత్రం మీరు చేయకండి. చెవిలో ఏం పోయాలన్నా డాక్టరే చెప్పాలి.

వీటన్నిటికీ పైన, ఏ ఊళ్లో అడిగినా ముందు చెప్పేది విరిగిన ఎముక. సంస్కృత వైద్యగ్రంథాల్లో దీనికి అస్థిశృంఖల, అస్థిసంహారక, వజ్రవల్లి అన్న పేర్లున్నాయి. ఆయుర్వేదం దుకాణంలో ఇప్పటికీ అమ్మే లాక్షా గుగ్గులు మాత్రల్లో లక్క, తెల్లమద్ది, పెన్నేరు, గుగ్గిలం వగైరాతో పాటు నల్లేరు ఉంటుంది. హిందీవాళ్లు హడ్‌జోడ్ అంటారు. తిరుపతి దగ్గరి పుత్తూరులో ఎముకలకి కట్టు కట్టే సంప్రదాయం పేరు వినని తెలుగువాళ్లుండరు. ఆకు పసరు, కోడిగుడ్డు సొన, వెదురు బద్దలు వాడతారు. ఆ పసరు పాళ్లు ఆ కుటుంబాల సొంతం కనక అందులో నల్లేరుని ఇరికించే పని నేను పెట్టుకోను. మా వాళ్లలో ఒకాయన మాత్రం ఖచ్చితంగా ఉంటుందని పందెం కాస్తానంటున్నారు. కాయనివ్వండి.

నాకు ఒళ్లు గగుర్పొడిచింది మాత్రం కాశీ కథ చదివినప్పుడు. కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో కె.ఎన్. ఉడుపా అని శస్త్రవైద్యుడు ఉండేవారు. ఆధునిక శస్త్రచికిత్స చదివినాయన, పల్లెటూరి కట్టులో వాడే తీగని ప్రయోగశాలకి పట్టుకెళ్లారు. 1961 నుంచి 1964 దాకా ఆయనా, జి.సి. ప్రసాద్ తదితరులూ వరసగా పరిశోధనా వ్యాసాలు వేశారు. విరిగిన ఎముక అతుక్కునేటప్పుడు ముందు దాని చుట్టూ ఒక మెత్తటి కాయలాంటిది కడుతుంది, తర్వాత అందులో కాల్షియం చేరి గట్టిపడుతుంది. జంతువుల్లో ఆ కాయ ఎంత త్వరగా కడుతోంది, అతుక్కున్న ఎముక ఎంత లాగుడు తట్టుకుంటోంది అని చూశారు. రేడియోధార్మిక కాల్షియం-45 ఇచ్చి, అది విరిగినచోట ఎంత చేరుతోందో కొలిచారు. కార్టిసోన్ మందు ఎముక అతుకుని ఆలస్యం చేస్తుంది కదా, అలా ఆలస్యమైనప్పుడు నల్లేరు ఏం చేస్తుందన్నది 1963 నాటి వ్యాసం. నల్లేరు ఇచ్చినవాటిలో అతుకు త్వరగా పడిందని తేల్చారు. ఎముకలో చేరిన కాల్షియాన్ని అణువిద్యతో లెక్కగట్టేదాకా వెళ్లింది మన ముళ్లకంప మీది తీగ. నాకిది చంద్రయానం వార్త విన్నంత సంబరంగా ఉంది.

అయితే సంబరంలో కూడా ఒకమాట ఒప్పుకోవాలి. నల్లేరులో కాల్షియం దండిగా ఉంది కనక ఎముకకి బలమని ఇప్పుడు ప్రతి వీడియోలో చెబుతున్నారు. కాల్షియం ఉన్నమాట నిజమే. కానీ అందులో చాలాభాగం ఇందాకటి ఆక్సలేట్ సూదుల్లో బందీ అయి ఉంది, ఆ రూపంలో ఉన్నదాన్ని మన పేగులు పెద్దగా పీల్చుకోలేవు. ఎముకకి మేలు జరుగుతుంటే అది వేరే దేనివల్లో జరగాలి. కాడలో ఉండే స్టిరాయిడ్ జాతి పదార్థాల మీద పరిశోధకులకి గురి. ఇది తేలేదాకా పాలలో కాల్షియానికీ నల్లేరులో కాల్షియానికీ పోటీ పెట్టడం మానేస్తే మంచిది.

మనుషుల మీద జరిగిన పరీక్షలు తక్కువ, జరిగినవి చిన్నవి. దవడ ఎముక విరిగినవాళ్లకి ఇచ్చి చూసిన ప్రయత్నం 2015లో ఒకటి అచ్చయింది. 2013లో అమెరికాలో వ్యాయామం చేసే 29 మంది మగవాళ్లకి ఎనిమిది వారాలపాటు రోజుకి 3200 మిల్లీగ్రాముల నల్లేరు సారం ఇచ్చి కీళ్లనొప్పులు తగ్గాయని రాశారు. పోల్చి చూడటానికి ఉత్తి మాత్రలు ఇచ్చిన రెండో జట్టు అందులో లేదు. ఉత్సాహం ఉన్నవాడికి నొప్పి సగం దానంతటదే తగ్గుతుంది కనక దాన్ని రుజువుగా నేను లెక్కవేయను. అయినా జిమ్‌లో కండలు పెంచేవాళ్ల అలమారాల్లో సిస్సస్ అన్న డబ్బాలు వెలిశాయి. లోపల ఉన్నది మన కంచెతీగే. ధర చూశాక మార్కాపురం దొడ్డి విలువ నాకు రెట్టింపైంది.

బరువు తగ్గిస్తుందన్న ప్రచారం ఇంకో దుకాణం. దానికి మూలం కామెరూన్ దేశంలో చేసిన అధ్యయనాలు. వాటిలో 2006 నాటిది బాగా పేరు పడింది. అందులో ఇచ్చిన మందులో నల్లేరుతో పాటు గ్రీన్ టీ, సోయా, విటమిన్లు, ఇంకా ఏవేవో కలిపి ఉన్నాయి. తగ్గిన బరువులో నల్లేరు వాటా ఎంతో ఎవరు చెప్పగలరు? ఎముకల తీగని ఎముకల పనికి ఉండనివ్వక, పొట్ట తగ్గించే పని కూడా దాని నెత్తిన పెట్టడం నాకు నచ్చలేదు.

జాగ్రత్తలు టూకీగా. మూత్రపిండాల్లో రాళ్లు ఉన్నవాళ్లకి, ఒకసారి వచ్చి పోయినవాళ్లకి ఆక్సలేట్ పడదు కనక ఈ పచ్చడి జోలికి వెళ్లకపోవడం మేలు. కడుపుతో ఉన్నవాళ్లూ వద్దు. రోజూ మందులు వేసుకునేవాళ్లు సారం, మాత్రలు మొదలుపెట్టే ముందు డాక్టర్ని అడగాలి. పచ్చికాడ నమలడం ఎవరికీ పనికిరాదు. చేయి విరిగితే ముందు ఎక్స్‌రే, తర్వాతే పచ్చడి. ఎముక పక్కకి జరిగిందా లేదా అన్నది ఏ తీగా చెప్పలేదు. గ్రామాల్లో కట్టు బిగించి రక్తం ఆడక చేతులు పాడైన కేసులు ఎముకల డాక్టర్లు చూస్తూనే ఉంటారు. అది తీగ తప్పు కాదు, బిగింపు తప్పు.

పట్నంలో దీన్ని పెంచడం ఎంత తేలికంటే, నాలాంటి చేతుల్లో కూడా బతుకుతోంది. రెండు కణుపులున్న ముదురు ముక్క ఒకటి చాలు. ఊరినుంచి తెచ్చిన ముక్కల్ని సంచీలోనే మరిచిపోయి చాన్నాళ్లకి తీస్తే ఒక కణుపు దగ్గర తెల్లటి వేరు మొలుస్తోంది, మట్టీ లేదు, నీరూ లేదు. రాత్రి గాలి పీల్చి దాచుకునే కాడకి సంచీ పెద్ద అడ్డమేమీ కాలేదన్నమాట. కింది కణుపు మట్టిలోకి పోయేలా కుండీలో గుచ్చాను. బాల్కనీ గ్రిల్లుకి నులితీగ చుట్టేసింది. చుట్టేటప్పుడు ముందు వదులుగా, తర్వాత స్ప్రింగులా బిగుసుకుంటుంది. ఆ బిగుసుకోవడం పొద్దునా సాయంత్రం చూస్తే తేడా తెలుస్తుంది. మా పక్కింటాయన ఇదేం క్రోటనండీ అని అడిగారు. ఆయనకి ద్రాక్ష దగ్గర్నుంచి కాశీ దాకా మొత్తం చెప్పాను. మొదట్లో మొహమాటానికి విన్నారు, కాల్షియం-45 దగ్గరికి వచ్చేసరికి ఆయనే కాడ పట్టుకుని పలకలు లెక్కపెట్టడం మొదలుపెట్టారు.

ఎండ బాగా తగలాలి. నీళ్లు వారానికోసారి చాలు, ఎక్కువైతే మొదలు కుళ్లిపోతుంది. ఎరువేమీ అక్కర్లేదు. పచ్చడికి సరిపడా లేత కొసలు రావాలంటే కొసలు తుంచుతూ ఉండాలి, తుంచినచోట పక్కకొమ్మలు వేస్తుంది. ఇంకా నా దగ్గర ముక్కలు మిగిలాయి. కావలసినవాళ్లు చేతికి నూనె రాసుకుని రండి.